పాత పికప్ లాగడం లేదా? ఇంజిన్ విప్పే ముందు కంప్రెషన్ కొలవండి

మన గోదావరి డెల్టాలో బండికి ఘాట్ రోడ్డు లేదు. ఎక్కుడు అంటే వంతెనే. సిద్ధాంతం దగ్గరో, రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గరో, పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తుంటే చించినాడ దగ్గరో ధాన్యం బస్తాలతోనో రొయ్యల మేత లోడుతోనో ఎక్కేటప్పుడు పాత పికప్ ఇంజిన్ సంగతి బయటపడుతుంది. నిరుడు మూడో గేరులో ఎక్కిన బండి ఈసారి రెండో గేరు అడుగుతుంది. వెనక పొగ. పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా ఓ పట్టాన అందుకోదు. షెడ్డుకు తీసుకెళ్తే వినబడే మాట ఒకటే: "కంప్రెషన్ పోయిందండీ, ఇంజిన్ దింపేయాలి."

పోయి ఉండొచ్చు. కానీ కంప్రెషన్ కొలిచే గేజ్ పెట్టకుండా చెప్పిన మాటను నమ్మి ఇంజిన్ దింపనివ్వకండి. దింపాక బోరు (సిలిండర్ లోపలి గోడ), రింగులు (పిస్టన్ చుట్టూ గాలి ఆపే కట్లు), బేరింగులు అన్నీ మార్చకుండా ఎవరూ తిరిగి ఎక్కించరు. అసలు తప్పు ఒక రాగి వాషర్‌ది అయినా సరే.

ఇక్కడ చెప్పేది టాటా 207 డీఐ, పాత బొలెరో పికప్, క్యాంపర్, మ్యాక్సీ ట్రక్, 702 సీసీ రెండు సిలిండర్ల టాటా ఏస్ లాంటి మెకానికల్ పంపు ఉన్న డీజిల్ బండ్ల గురించి. కామన్ రైల్ (కంప్యూటర్ లెక్కతో డీజిల్ చిమ్మే) బండ్లకూ చాలావరకు వర్తిస్తుంది, తేడా ఉన్నచోట చెబుతాను.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 18 వంతులకు ఒక వంతుగా నొక్కుతుంది. ఏస్ లాంటి ఇంజిన్లలో 20 వంతులు దాటుతుంది. ఆ నొక్కుడే కంప్రెషన్. దానికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. నొక్కిన గాలి ఎక్కడో కారిపోతే వేడి చాలదు. డీజిల్ సగం కాలి సగం పొగవుతుంది. కాబట్టి మనం చేయాల్సిన పని కంపెనీ ఇచ్చిన దానికంటే కంప్రెషన్ పెంచడం కాదు. కారిపోతున్న చోటు పట్టుకుని మూయడం.

ముందు ఇంజిన్‌వి కాని తప్పులు చూడండి

చదునైన సిమెంటు రోడ్డు మీద ఖాళీ బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోయండి. మొరాయిస్తే బ్రేకు పట్టేస్తోంది. చెరువు గట్ల మీద తిరిగే బండ్లకు ఉప్పునీరు తగిలి హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పుపడుతుంది, లివర్ దించినా పూర్తిగా వదలదు. పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో డ్రమ్ము మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. ఒక్కటి మాత్రమే చుయ్యిమంటే జబ్బు ఆ చక్రంలో ఉంది.

క్లచ్‌కి ఇంకో పరీక్ష. టాప్ గేరులో 30 స్పీడులో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరిగి స్పీడు పెరగకపోతే ప్లేటు జారుతోంది.

తర్వాతిది చాలామంది చూడరు. ఇంజిన్ ఆపి, ఒకరిని పెడల్ చివరిదాకా తొక్కమని, మీరు బానెట్ ఎత్తి పంపు లివర్ చూడండి. లివర్ ఫుల్ స్టాప్ స్క్రూకి తగలాలి. పాత బండ్లలో కేబుల్ సాగిపోయి అక్కడిదాకా వెళ్లదు. కేబుల్ బిగిస్తే పోయిన లాగుడు ఖర్చు లేకుండా తిరిగొస్తుంది.

ఇక గాలి, డీజిల్. నల్ల పొగతో లాగకపోతే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. పొగ లేకుండా లాగకపోతే డీజిల్ అందడం లేదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది. డీజిల్ ఫిల్టర్ కింద ప్లగ్ వదిలి నీళ్లు దించండి, ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో గుర్తులేకపోతే మార్చేయండి. టర్బో ఉంటే గొట్టాల క్లిప్పులు, చీలికలు చూడండి.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర మాత్రం తొందరపడకండి, ఎందుకంటే డెల్టా బండ్ల రింగులు అరగడం మొదలయ్యేది అక్కడే. సార్వా, దాళ్వా కోతలప్పుడు కళ్లాల్లో దుమ్ము, మిల్లు దగ్గర ఊక ధూళి, పుంత రోడ్ల ఎర్రమట్టి అన్నీ ఫిల్టర్ మీదకే వస్తాయి. ఎలిమెంట్ బయట పెట్టి చూస్తే సరిపోదు. ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డ పెట్టి తుడవండి. గుడ్డకు ఇసుక రేణువులు అంటుకుంటే ఫిల్టర్ పక్కనుంచో గొట్టం చీలిక నుంచో దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతోంది. ఇది సరిచేయకుండా కొత్త రింగులు వేసినా అవీ అరుగుతాయి. ఎలిమెంట్‌కు గాలి కొట్టాల్సి వస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టండి. పంక్చర్ షాపు గాలి గొట్టం ఆనించి కొడితే కాగితం చిరుగుతుంది, ఆ చిరుగు కంటికి కనబడదు.

విప్పకుండా కనిపించే గుర్తులు

పొద్దున్న మొదటి స్టార్టింగ్‌లో కళ్లు మండే తెల్ల పొగ, ఇంజిన్ గడగడా వణికి కాసేపటికి సర్దుకోవడం కంప్రెషన్ తగ్గిన ఇంజిన్ లక్షణాలు. హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ను స్టార్టింగ్‌కు వేడిచేసేవి) ఉన్న బండి అయితే అవి పనిచేయకపోయినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ముందు వాటిని చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే పలక) మీద అనుమానం పెట్టుకోవాలి.

బ్యాక్ కంప్రెషన్ చూడటానికి ఇంజిన్ స్లో మీద ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, అదే రంధ్రం మీద తలకిందులుగా ఊరికే పెట్టండి. కొంచెం కదిలితే మామూలే. ఎగిరి పడితే, పొగ గుప్పుమని కొడితే రింగుల పక్కనుంచి గ్యాస్ కిందికి దిగుతోంది. తీర్పు చెప్పే ముందు ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూడండి. అది మూసుకున్నా మూత ఎగురుతుంది.

గేజ్ పెట్టడం

డీజిల్ గేజే కావాలి. పెట్రోల్ బండ్ల గేజ్ 300 పిఎస్‌ఐ దగ్గర ఆగిపోతుంది, డీజిల్‌కు పెడితే ముల్లు విరుగుతుంది. భీమవరం, తణుకు, అమలాపురం లాంటి ఊళ్లలో పంపు సర్వీస్ చేసే షాపుల్లో అడిగి చూడండి.

బ్యాటరీ ఫుల్ చార్జింగ్‌లో ఉండాలి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ విప్పి రుద్ది బిగించండి. ఐసు పెట్టెల నుంచి కారిన ఉప్పునీళ్లు పడి ఆ పట్టీ పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. దానివల్ల సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది, నెమ్మదిగా తిరిగిన ఇంజిన్ గేజ్ మీద తక్కువ చూపిస్తుంది. మంచి ఇంజిన్ కూడా చెడ్డదిగా కనబడుతుంది.

బండిని ఓ పావుగంట నడిపి వేడెక్కించండి. డీజిల్ పడకుండా పంపు మీద స్టాప్ సోలినాయిడ్ వైరు తీసేయండి, స్టాప్ కేబుల్ ఉంటే లాగి కట్టేయండి. అన్ని నాజిళ్లూ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) లేదా అన్ని హీటర్ ప్లగ్గులూ తీయండి, ఒక్క సిలిండర్‌దే తీస్తే ఇంజిన్ వేగంగా తిరగదు. కామన్ రైల్ అయితే ఈ పని స్కానర్ ఉన్న షెడ్డుకే వదిలేయండి. నడుస్తున్న ఇంజిన్‌లో ఆ డీజిల్ పైపుల జోలికి అసలు పోకూడదు, 1000 బార్ దాటిన డీజిల్ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

గేజ్ బిగించి, ముల్లు ఇక పైకి పోవడం లేదు అనేదాకా, అంటే ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఒక్కో సిలిండర్ అంకె కాగితం మీద రాయండి, మనసులో గుర్తుపెట్టుకోవద్దు. సరైన అంకె మీ ఇంజిన్ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే ఓ అంచనా: ఆరోగ్యంగా ఉన్న డీఐ (డీజిల్ నేరుగా పిస్టన్ మీదే చిమ్మే) ఇంజిన్ 25 నుంచి 30 బార్ మధ్య చూపిస్తుంది (ఒక బార్ అంటే సుమారు 14.5 పిఎస్‌ఐ), 20 బార్ దగ్గరికి దిగితే పొద్దున్న స్టార్టింగ్ కష్టం. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 23 ఉన్న బండి ఇంకా కొన్నాళ్లు పని చేస్తుంది. మూడు 27 ఉండి ఒకటి 17 ఉంటే అక్కడ ఏదో విరిగిందో కాలిందో. పక్కపక్కన ఉన్న రెండు మాత్రమే తక్కువుంటే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ తెగి ఉంటుంది.

సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పాత పద్ధతి పెట్రోల్ ఇంజిన్లకు బాగుంటుంది. డీఐ డీజిల్‌లో పోసిన ఆయిల్ పిస్టన్ తల మీది గుంటలో కూర్చుంటుంది, రింగుల దాకా సరిగా చేరదు. ఎక్కువ పోస్తే పైన ఉండే కాస్త ఖాళీ నిండిపోయి కనెక్టింగ్ రాడ్డే వంగొచ్చు. నేనైతే దాన్ని వదిలేసి గాలి పెడతాను.

గాలి పెట్టి వినడం

ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష. కావాల్సినవి పంక్చర్ షాపు కంప్రెసర్, నిశ్శబ్దంగా ఉన్న చోటు. పాడైన హీటర్ ప్లగ్గో నాజిల్ బాడీయో తీసుకెళ్తే లేత్ షాపులో లోపల తొలిచి గాలి నిపుల్ అతికించి ఇస్తారు. ఒకసారి చేయించుకుంటే మీ దగ్గరే ఉంటుంది.

తక్కువ చూపించిన సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి తిప్పుతూ రంధ్రం మీద వేలు పెడితే గాలి తోసుకొచ్చేది అప్పుడే. టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. గాలి ఇచ్చేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా తిరగొచ్చు, స్పానర్ తీసేసి ఫ్యాన్‌కు దూరంగా నిలబడండి. 80 పిఎస్‌ఐ చాలు.

ఇప్పుడు చెవి పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్. సైలెన్సర్ చివర వినబడితే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు, బోరు. అక్కడ సన్నగా రావడం మంచి ఇంజిన్‌లోనూ ఉంటుంది, మిగతా సిలిండర్లతో పోల్చుకోండి. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. నాజిల్ మొదట్లో సబ్బునీళ్లు వేస్తే నురగ వస్తే కింది రాగి వాషర్ కారుతోంది. అక్కడ తారు లాంటి నల్లమసి పేరుకుని ఉంటే గాలి పెట్టక ముందే అనుమానించొచ్చు.

గేజ్ తక్కువ చూపించి, గాలి ఎక్కడా కారకపోతే? లంక గ్రామాల కాజ్‌వేల మీద వరద నీటిలో బండి దించినవాళ్లు ఈ మాట జాగ్రత్తగా చదవండి. ఇంజిన్ నీళ్లు పీల్చి ఆగిపోయి, ఆరబెట్టాక మళ్లీ నడిచినా, ఒక కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. రాడ్ పొట్టిదయింది కాబట్టి పిస్టన్ పైదాకా రాదు, కంప్రెషన్ తగ్గుతుంది, కారడం మాత్రం ఉండదు. ఆ బండిని లోడు మీద తిప్పితే రాడ్ విరిగి బ్లాక్‌ను పగలగొడుతుంది.

చౌకగా తేలే పనులు

టాపెట్లు, అంటే వాల్వులను నొక్కే మీటల దగ్గరి గ్యాప్, ముందు. ఎగ్జాస్ట్ టాపెట్ బిగిసిపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, అక్కడి నుంచే కంప్రెషన్ పోతుంది. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పితే వాల్వ్ అంచు కాలుతుంది. గ్యాప్ ఎంత, చల్లగా పెట్టాలా వేడి మీద పెట్టాలా అన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది, పుస్తకం చూడాల్సిందే. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఓ సులువుంది: నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగుతున్నప్పుడు ఒకటోదాని టాపెట్లు పెట్టండి. ఒకటి ఊగితే నాలుగు. రెండుకు మూడు, మూడుకు రెండు. ఫీలర్ గేజ్ గ్యాప్‌లో కాస్త పట్టి జారాలి, ఊడిపడకూడదు, ఇరుక్కోకూడదు. నట్టు బిగించాక మళ్లీ చూడండి, బిగింపులో గ్యాప్ మారుతుంది. గ్యాప్ తామే సర్దుకునే ఆయిల్ టాపెట్లు ఉన్న ఇంజిన్‌కు ఈ పని లేదు.

తర్వాత నాజిళ్లు. పంపు షాపులో టెస్టర్‌కు పెట్టి మీ ఎదుటే కొట్టించండి. సన్నటి తుంపర రావాలి, ధారలా కారకూడదు, ఆపాక చివర చుక్క వేలాడకూడదు. కంప్రెషన్ కాస్త తగ్గిన ఇంజిన్‌లో నాజిల్ కూడా చెడితే బండి పూర్తిగా చచ్చిపోతుంది. అదే ఇంజిన్‌కు మంచి నాజిళ్లు పెడితే ఇంకో రెండు సీజన్లు హాయిగా లాగిన బండ్లున్నాయి. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవి అడుగున అంటుకుపోయి ఉంటే తీసి మరీ వేయండి.

పంపు టైమింగ్ లేటుగా ఉన్నా తెల్ల పొగ వస్తుంది, లాగదు, అచ్చం కంప్రెషన్ పోయినట్టే ఉంటుంది. పంపు ఎప్పుడైనా దింపి ఎక్కించి ఉంటే గుర్తులు కలిశాయో లేదో చూపించండి.

హెడ్ దింపాల్సి వస్తే

వాల్వులు, గ్యాస్కెట్ అని తేలితే హెడ్ ఒక్కటే దించితే చాలు, బ్లాక్ జోలికి వెళ్లక్కర్లేదు. వాల్వులు గ్రైండ్ చేసి వచ్చాక హెడ్‌ను పక్కకు తిప్పి పోర్టుల్లో (గాలి, పొగ పోయే దారుల్లో) కిరోసిన్ పోయించండి. ఐదు నిమిషాల తర్వాత వాల్వ్ అంచున తడి కనబడితే తిరిగి రుద్దమనండి. కిరోసిన్ కారే చోట కంప్రెషన్ ఆగదు. సీటు మీద బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా గుండ్రంగా రావాలి.

లేత్ షాపులో ఎవరో ఒకరు "హెడ్ ఇంకాస్త కోసేద్దామండీ, కంప్రెషన్ పెరుగుద్ది" అంటారు. డీజిల్‌లో ఇది ప్రమాదం. పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కూ దానికీ మధ్య మిగిలేది మిల్లీమీటర్ లోపే. ఎక్కువ కోస్తే వాల్వులు పిస్టన్‌కు కొడతాయి. హెడ్ వంకర పోయి ఉంటే చదును చేసేంత వరకే కోయించండి, అదీ మీ ఇంజిన్ కంపెనీ కోయడానికి ఒప్పుకుంటేనే. గ్యాస్కెట్ కూడా ఏదో ఒకటి కాదు. చాలా డీజిళ్లకు అది రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉండే గాట్లో చిల్లులో ఆ మందాన్ని చెబుతాయి. పాతదాన్ని పారేయకుండా దుకాణానికి తీసుకెళ్లి అవే గాట్లున్నది తెచ్చుకోండి.

హెడ్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో, టార్క్ స్పానర్‌తోనే బిగించాలి. చేతి అంచనా ఎంత అనుభవం ఉన్న మేస్త్రీదైనా నేను ఒప్పుకోను.

బోరు, రింగులు

గాలి ఆయిల్ మూత దగ్గరే కొట్టి, బ్యాక్ కంప్రెషన్ బాగా ఉంటే ఇక తప్పదు. ఇక్కడ కూడా కొలతే మాట్లాడాలి. బోరు పైన, మధ్యలో, కింద, అటూ ఇటూ డయల్ గేజ్‌తో కొలిపించండి. అరుగుదల పుస్తకం హద్దు లోపలే ఉంటే రింగులు మార్చి హోనింగ్ (బోరు గోడను సన్నగా రుద్దడం) చేయిస్తే సరిపోతుంది. దాటితే లైనర్లు (కొత్త సిలిండర్ గొట్టాలు) లేదా ఓవర్‌సైజ్ (బోరు పెంచి పెద్ద పిస్టన్లు). అరిగి కోడిగుడ్డులా అయిన బోరులో కొత్త రింగులు వేస్తే ఆ డబ్బు పోయినట్టే.

కొత్త రింగును పిస్టన్‌కు ఎక్కించే ముందు బోరులో పెట్టి, పిస్టన్ తలతో తోసి సమంగా కూర్చోబెట్టి, మూతుల మధ్య గ్యాప్ చూడండి. గుర్తున్న వైపు పైకి ఉండాలి. మూడు రింగుల మూతులు ఒకే వరసలో రాకూడదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు నిండా లోడు వేయకండి, అలాగని గంటలకొద్దీ స్లో మీద కూడా ఉంచకండి. కొత్త రింగులు బోరులో ఒదగాలంటే కాస్త బరువు పడాలి. సగం లోడుతో, స్పీడు పెంచుతూ తగ్గిస్తూ నడపండి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

ఇప్పుడే డబ్బు లేకపోతే

నాలుగు సిలిండర్లూ సమంగా కాస్త తక్కువున్న బండిని సీజన్ అయ్యేదాకా లాగించుకోవచ్చు. మనది చదును నేల కదా, ఆ వెసులుబాటు ఉంది. వంతెన మొదట్లోనే గేరు దించండి, మధ్యలో గొణుగుతుంటే దించడం కాదు. లోడు ఓ పది బస్తాలు తగ్గించండి. ఆయిల్ పుస్తకం ఒప్పుకున్న గ్రేడుల్లో చిక్కనిది వేసుకోండి, పొగ కొద్దిగా తగ్గుతుంది, అంతకు మించి ఆశించకండి.

పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచమని మాత్రం అడగకండి. ఆ రోజు బండి లాగినట్టే ఉంటుంది. ఉన్న గాలికే కాలని డీజిల్ ఇంకా పోస్తే నల్ల పొగ, వేడి పెరిగి పిస్టన్ తల కాలుతుంది. చలికాలం పొద్దున్న స్టార్ట్ కావడానికి ఎయిర్ గొట్టంలో స్ప్రే కొట్టడం, పెట్రోల్ గుడ్డ పెట్టడం కూడా వద్దు. పిస్టన్ పైకి రాకముందే పేలి రింగులు ముక్కలవుతాయి, హీటర్ ప్లగ్గులున్న బండిలో అయితే మంట గొట్టంలోంచి మొహం మీదికే వస్తుంది. ఆయిల్‌లో పోస్తే కంప్రెషన్ వస్తుందని అమ్మే డబ్బాల మీద పెట్టే డబ్బు దాచి నాజిళ్లకు పెట్టండి.

కొలిచి రాసుకున్న కాగితం బండి పుస్తకంలోనే ఉంచండి. ఆరు నెలలకు మళ్లీ కొలిచి పక్కన రాయండి. నాలుగు అంకెలూ కొద్దికొద్దిగా దిగుతుంటే అది వయసు, డబ్బు కూడేసుకోవడానికి టైముంది. ఒక్కటే జారుతుంటే లోడు ఆపి ఆ వారంలోనే గాలి పెట్టించండి.